ఎడమ పిడి మేకతల, కుడి పిడి హంస: ఈ గడియారం బొమ్మ సగంలో ఆపేసిందా?

1780ల నాటి పారిస్ గడియారం డిజైన్ ఒకటి చూశానని, అందులో పూలకుండీ లాంటి పాత్రకి ఎడమ పిడి మేకతల, కుడి పిడి హంస అని రాశారు. ముళ్లు లేవు, ఒక పాము మాత్రం ఉందన్నారు. గీసినాయన మధ్యలో వదిలేశాడా అని మీ సందేహం.

లేదండీ, అది పూర్తయిన బొమ్మే. ఆర్కిటెక్చర్ చదివే రోజుల్లో ఇలాంటివి నకలు తీస్తూ నేనూ పొరబడ్డాను. తప్పు సరిదిద్దుతున్నాననుకుని రెండు పక్కలా మేకతలే గీసేశాను. నిజానికి ఆ కాగితం గడియారం కొనేవాళ్ల ముందు పెట్టేది. ఒకే బొమ్మలో రెండు నమూనాలు, నచ్చింది ఎంచుకుంటారు. పాత గ్రీకు, రోమన్ కళని అనుసరించే నియోక్లాసికల్ శైలికి ఇరుపక్కలా ఒకేలా ఉండటమే ప్రాణం కాబట్టి సగం చూపిస్తే చాలు. అంతకు ముందటి రొకోకో శైలి గడియారాల్లో చాలావాటికి తీగలు ఒక పక్కకే ఒరిగిపోతాయి, వాటి దగ్గర ఈ ఉపాయం సాగదు. మీ బొమ్మని ప్రింటు తీసి, నడిమి గీత మీద చిన్న అద్దం నిలబెట్టి చూడండి. అద్దాన్ని అటు తిప్పితే ఒక గడియారం, ఇటు తిప్పితే ఇంకొకటి. నాకు విషయం అర్థమైంది అలాగే.

ఇక పాము. ఆ పాత్ర నడుము చుట్టూ రెండు వలయాలు కనిపిస్తున్నాయా? ఒకదాని మీద రోమన్ అంకెల్లో గంటలు, రెండోదాని మీద నిమిషాలు ఉంటాయి. పాము నాలుక కదలదు, వలయాలు తిరిగి అంకెలే దాని ముందుకొస్తాయి. ముల్లు ఆ నాలుకే! ఇటలీలో అగ్నిపర్వతం కింద పూడిపోయిన పాత రోమన్ ఊళ్లలో, అంటే 1738లో హెర్క్యులేనియంలో, 1748లో పాంపేలో, తవ్వకాలు మొదలయ్యాక పాతకాలపు పాత్రల మీద యూరప్‌కి మోజు పెరిగింది. గుండ్రటి డయల్ పెడితే పాత్ర అందం చెడుతుందని ఈ ఏర్పాటు.

లేత పసుపు రంగు వేసిన చోటల్లా బంగారు పూత అని చదువుకోవాలి. బంగారాన్ని పాదరసంలో కలిపి కంచు మీద పూసి కాల్చేవారు. పాదరసం ఆవిరైపోయి బంగారం మిగిలేది, ఆ ఆవిరి పనివాళ్ల ఒంట్లోకి చేరేది. ఆ పసుపు చూస్తే నాకు ముందు వాళ్లే గుర్తొస్తారు.

కొలతలు తీస్తే మాత్రం జాగ్రత్త. కింద ఉండే స్కేలు ఆనాటి ఫ్రెంచి అడుగుల్లో ఉంటుంది. ఆ అడుగు మన 30.48 సెం.మీ. కాదు, దాదాపు 32.5. అది తెలియక నేను చేసిన అట్టముక్కల నమూనా పొట్టిగా వచ్చింది. హైదరాబాదు వైపు వస్తే సాలార్‌జంగ్ మ్యూజియంలో ఫ్రెంచి గడియారాలున్నాయి, పూత మెరిసే చోటునీ మెరవని చోటునీ పక్కపక్కన పెట్టి చూడండి.