మట్టి అంటుకోని టూరు వద్దమ్మా

ప్రశ్న: మాస్టారూ, మా ఏడో తరగతి పిల్లలు 40 మందిని చెన్నై దగ్గరి దక్షిణచిత్ర అనే పాత ఇళ్ల మ్యూజియానికి తీసుకెళ్తున్నాం. ఊరికే చూసి రావడమేనా, ఏదైనా చేయించాలా?
– ఒక టీచరు, నెల్లూరు

జవాబు: చేయించాలమ్మా. నేను మొదటిసారి వెళ్లినప్పుడు అందరికీ నోటుబుక్కులిచ్చి 'చూసింది రాయండి' అన్నాను. బోర్డులు కాపీ కొట్టారు, ఇళ్లు చూడలేదు! రెండోసారి పుస్తకాలు బస్సులోనే వదిలేయించాను.

ముట్టుకాడులో 1996లో తెరిచిన ఈ చోట దక్షిణాది పాత ఇళ్లను ఊళ్లలో విప్పి తెచ్చి మళ్లీ కట్టారు. మన కోస్తా చుట్టిల్లు దగ్గర ఎక్కువసేపు ఆగండి. గోడ గుండ్రంగా ఎందుకుందో మీరు చెప్పకండి. పిల్లల్ని చుట్టూ నడవనివ్వండి, కప్పు ఎంత కిందికి దిగిందో చేత్తో తాకనివ్వండి. తుఫాను గాలి మాట వాళ్ల నోటే వస్తుంది. అక్కడే ఉన్న తెలంగాణ కొయ్యలగూడెం నేతగాళ్ల ఇంట్లో ఒక్కటే అడగండి: రంగు ముందా, నేత ముందా? ఇక్కత్ నేతలో నూలుకు ముడులు కట్టి ముందే రంగు వేస్తారని తెలిసి మావాళ్లు నోరెళ్లబెట్టారు.

కుమ్మరి సారె దగ్గర తోపులాట తప్పదు. పదేసి మందిని పంపండి, ముందే ఫోన్ చేసి మాట్లాడుకోండి. మంగళవారం సెలవు. పచ్చి కుండలు మాత్రం బస్సెక్కించకండి. గూడూరు దాటేసరికి మా బస్సు సీట్లన్నీ బురదే.