పాతకాలపు లావు సెరిఫ్ ఫాంట్ కావాలా? ముందు కింద తెలుగు ఏం రాస్తున్నారో చెప్పండి

కూకట్‌పల్లిలో టిఫిన్ సెంటర్ పెడుతున్నాం, లైటింగ్ బోర్డు మీద ఇంగ్లీషు పేరు పాతకాలం లుక్‌తో లావుగా ఉండాలి, ఏ సెరిఫ్ (గీతల చివర్లో చిన్న కాళ్ళుండే) ఫాంట్ బాగుంటుంది అని అడిగారు. కూపర్ బ్లాక్ వాడండి. లేదంటే అదే పోలికలో ఉండే కాప్రసిమో, గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతుంది. అబ్రిల్ ఫ్యాట్‌ఫేస్ లాంటివి మాత్రం లైటింగ్ బోర్డుకి అస్సలు వద్దు. ఇది మా ఇంట్లో డబ్బు పోయాక తెలిసిన సంగతి.

మూడేళ్ళ కిందట నల్లకుంటలో మా మామయ్య పచ్చళ్ళ కొట్టు పెట్టారు. బోర్డు డిజైన్ నాకే అప్పగించారు. అబ్రిల్ ఫ్యాట్‌ఫేస్‌లో పెద్దక్షరాలతో ‘హోమ్ ఫుడ్స్’ అని ఇంగ్లీషులో రాశాను. లాప్‌టాప్‌లో ఎంత అందంగా ఉందో! లావు గీత స్తంభంలా, సన్న గీత వెంట్రుకలా. 1800ల తొలినాళ్ళలో లండన్‌లో పోస్టర్ల కోసం పుట్టిన ఫ్యాట్ ఫేస్ అక్షరాల వరస అది. కాగితం మీద సిరాతో కొడితే ఆ వెంట్రుక నిలబడుతుంది. అక్రిలిక్ కోసి లోపల ఎల్ఈడీలు అతికించే బోర్డులో నిలబడదు. "సన్న గీతలో లైటు పట్టదు సార్" అని బోర్డు చేసే అతను ముందే చెప్పాడు. నేను వినలేదు.

సాయంత్రం ఏడింటికి స్విచ్ వేశారు. రోడ్డు దాటి అవతలి నుంచి చూశాం. ‘హెచ్’కి అడ్డగీత లేదు, రెండు నిలువు కర్రలు మిగిలాయి. ‘ఓ’ పైనా కిందా తెగిపోయి ఎదురెదురుగా రెండు నెలవంకలయింది. ‘ఈ’ ఒంటి కర్ర. మామయ్య నన్ను ఒక్క మాట అనలేదు. "మళ్ళీ చేయిస్తే ఎంతవుతుందిరా?" అని మాత్రం అడిగారు. ఆ ప్రశ్న ఇప్పటికీ గుర్తొస్తుంది.

రెండోసారి కూపర్ బ్లాక్‌తో చేయించాం. షికాగోలో ఆస్వాల్డ్ కూపర్ గీసిన ఈ అక్షరాలు 1922లో వచ్చాయి. కాళ్ళన్నీ మొద్దుగా, గుండ్రంగా ఉంటాయి. ‘ఓ’ లోపలి ఖాళీ కొంచెం వెనక్కి వాలి ఉంటుంది. ఎక్కడా లైటు తెగే సన్నదనం లేదు. అన్నిటికన్నా ముఖ్యం, మన గుండ్రటి అక్షరాల పక్కన చుట్టంలా కలిసిపోతుంది. తెలుగు పక్కన పెట్టడానికి ఇంతకంటే మంచి ఇంగ్లీషు సెరిఫ్ లేదని నా గట్టి నమ్మకం.

అసలు నా బాధంతా ఆ తెలుగు గురించే. హైదరాబాద్‌లో సగం బోర్డుల మీద ఇంగ్లీషుకి వారం రోజులు ఆలోచిస్తారు, తెలుగుని చివర్లో మిగిలిన జాగాలో ఇరికిస్తారు. మా మొదటి బోర్డులోనూ అదే జరిగింది. ‘పచ్చళ్ళు’ అంటే చ కింద ఒత్తు, ళ కింద ఒత్తు. అవి కూడా పట్టాలని మొత్తం మాటని కుదించేసరికి అసలు అక్షరాలు ఇంగ్లీషులో సగం ఎత్తుకి వచ్చాయి. మీరూ ఇడ్లీ, పెసరట్టు రాస్తారు కదా, ఒత్తులకి కింద జాగా ముందే వదలండి. ఇంగ్లీషు అక్షరం ఎత్తుని తెలుగులో ఒత్తూ గుడీ లేని అక్షరంతో, అంటే ‘ప’ లాంటి దానితో కొలవండి. రెంటికీ ఒకే సైజు నంబర్ పెడితే సరిపోదు.

ఇంకొకటి. మామూలు తెలుగు ఫాంట్‌కి చుట్టూ అవుట్‌లైన్ తగిలించి బోల్డ్ అంటారు కొందరు. ‘థ’ లోపలి చుక్క గోడకి అంటుకుపోతుంది, ‘మ’ సున్నా పూడిపోతుంది. లావుగానే గీసిన ఫాంట్లు ఉన్నాయి. బాలూ తమ్ముడు 2, రామభద్ర, రెండూ ఉచితమే. కూపర్ బ్లాక్ పక్కన నాకు తమ్ముడే నచ్చింది, మామయ్య బోర్డు మీద ఉన్నదీ అదే.

ఆర్డర్ ఇచ్చే ముందు మీ పేరులో అన్నిటికన్నా చిక్కైన తెలుగు అక్షరాన్ని బోర్డు మీద ఉండే సైజులోనే ప్రింట్ తీసి షట్టర్‌కి అంటించండి. చీకటి పడ్డాక రోడ్డు దాటి, బస్టాప్ దగ్గర నిలబడి చూడండి. తోడుగా ఇంట్లో కళ్ళజోడు ఉన్న పెద్దవాళ్ళని ఒకరిని తీసుకెళ్ళండి.