ఆటలు లేని నెలల్లో వార్తలు చదివే పద్ధతి

చిరంజీవి అల్లుడికి,

మామ ఆశీస్సులు. సీజన్ అయిపోయిన దగ్గర్నుంచి రాత్రి రెండింటి దాకా ఫోన్ చూస్తూ కూర్చుంటున్నావని మీ అమ్మ చెప్పింది. మీ జట్టులోకి ఇంకా రాని ఆటగాడి గురించి వాదించుకుని, నువ్వూ తార్నాక స్నేహితుడూ మాట్లాడుకోవడం మానేశారనీ చెప్పింది. ఫుట్‌బాల్ అంటే నాకున్న ప్రాణం నీకూ వచ్చినందుకు సంతోషం. అందుకే ఇది రాస్తున్నాను. ఆటలు లేని నెలల్లో, ఆటగాళ్ళు క్లబ్‌లు మారే వార్తలు చదవడానికీ ఒక పద్ధతి ఉంది.

ఏ ఆటగాడి పేరు వినిపించినా మొదట అతని కాంట్రాక్ట్ ఎప్పటిదాకా ఉందో చూడు. యూరప్‌లో చాలా కాంట్రాక్టులు జూన్ 30న ముగుస్తాయి. చివరి ఆరు నెలల్లో ఆటగాడు వేరే దేశపు క్లబ్‌తో ముందే ఒప్పందం చేసుకోవచ్చు. ఒకప్పుడు గడువు తీరినా పాత క్లబ్ డబ్బు అడిగేది. బెల్జియం ఆటగాడు జాన్-మార్క్ బోస్మాన్ కోర్టుకెక్కాడు. 1995 డిసెంబర్ 15న యూరోపియన్ న్యాయస్థానం అతని పక్షాన తీర్పు ఇచ్చింది. అప్పటినుంచి గడువు తీరిన ఆటగాడు ఉచితంగా వెళ్ళిపోగలుగుతున్నాడు. ఈ వేసవి వార్తల్లో సగానికి మూలం ఆ తీర్పే.

ఇంగ్లండ్‌లో నీ అభిమాన క్లబ్ లివర్‌పూల్‌నే తీసుకో. ట్రెంట్ అలెగ్జాండర్-ఆర్నల్డ్ ఆరేళ్ళ వయసు నుంచి అక్కడే పెరిగాడు. కాంట్రాక్ట్ 2025 జూన్‌తో ముగుస్తుందని లోకమంతటికీ తెలుసు. ఆఖరి ఏడాది మొదలైనా కొత్త సంతకం పడలేదంటే ఏం జరగబోతోందో అప్పుడే అర్థం చేసుకోవాలి. రియల్ మాడ్రిడ్‌కు వెళ్తున్నాడని తెలిశాక మీరంతా అతన్ని తిట్టిపోశారు. అలాంటి ఆటగాడి గడువును ఆఖరి ఏడాదిదాకా ఎందుకు రానిచ్చారని క్లబ్‌ను అడిగినవాడు మీలో ఒక్కడూ లేడు. అతన్ని నెల ముందే వదలడానికి మాడ్రిడ్ కొంత సొమ్ము ఇచ్చింది, క్లబ్ వరల్డ్ కప్‌లో ఆడించుకోవాలని. ఆ స్థాయి ఆటగాడికి అది చాలా చిన్న మొత్తం.

తర్వాత, వార్త ఎవరి నోటి నుంచి వచ్చిందో, అది బయటికొస్తే లాభం ఎవరికో ఆలోచించు. ఆటగాడి తరఫున బేరాలాడే ఏజెంటంటే పెళ్ళిళ్ళ పేరయ్యే. ఇటు వాళ్ళకు అటు సంబంధం గురించి చెబుతాడు, అటు వాళ్ళకు ఇటు సంబంధం గురించి చెబుతాడు. 'ఫలానా పెద్ద క్లబ్ మా వాడి మీద కన్నేసింది' అన్న మాట చాలాసార్లు ఉన్న క్లబ్‌లోనే జీతం పెంచుకోవడానికి పుట్టిస్తారు. అమ్మే క్లబ్ ధర పెంచుకోవడానికీ అదే చేస్తుంది. 'ఆసక్తి చూపుతోంది' అని రాస్తే దాన్ని లెక్కలోకే తీసుకోకు. ప్రతి స్థానానికీ ప్రతి పెద్ద క్లబ్ దగ్గర పేర్ల జాబితా ఉంటుంది, అందులో ప్రతి పేరు మీదా ఆసక్తి ఉన్నట్టే. ఈ వార్తలకు పేరుపడ్డ విలేఖరి ఫాబ్రిజియో రొమానో 'హియర్ వి గో' అన్నాడంటే మాట కుదిరిందని చాలావరకు నమ్మవచ్చు. అప్పటికీ మెడికల్ అనే వైద్య పరీక్ష, సంతకాలు మిగిలే ఉంటాయి.

ఆ మిగిలినవి చిన్న విషయాలని అనుకోకు. 2015 ఆగస్టు 31న డేవిడ్ డి హెయా మాంచెస్టర్ యునైటెడ్ నుంచి రియల్ మాడ్రిడ్‌కు వెళ్ళాల్సింది. అంతా ఖాయమైంది. కాగితాలు సమయానికి అందక బేరం ఆగిపోయింది. అతను మరి ఎనిమిదేళ్ళు యునైటెడ్‌లోనే ఉండిపోయాడు. 2025 సెప్టెంబర్ 1న మీరు క్రిస్టల్ ప్యాలెస్ ఆటగాడు మార్క్ గేహీ లివర్‌పూల్‌కు వచ్చేసినట్టే సంబరపడ్డారు. మెడికల్ కూడా నడిచింది, చివరికి క్రిస్టల్ ప్యాలెస్ కాదంది. క్లబ్ తన పేజీలో ఫోటో పెట్టేదాకా ఎవరికీ అభినందనలు చెప్పకు.

డబ్బు లెక్క ఒకటి నేర్చుకో. లివర్‌పూల్ వాళ్ళు ఫ్లోరియన్ విర్ట్జ్‌ను కొనడానికి 10 కోట్ల పౌండ్లు పెట్టారంటే ఆ ఏడాది పద్దులో అంతా పడదు. అయిదేళ్ళ కాంట్రాక్ట్ కనక ఏడాదికి 2 కోట్ల చొప్పున పంచి రాస్తారు. చెల్సీ ఈ వెసులుబాటు వాడుకుని ఏడెనిమిదేళ్ళ కాంట్రాక్టులు ఇవ్వడంతో, ముందు యూరప్ ఫుట్‌బాల్ సంస్థ యూఎఫా, ఆ వెనకే ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్, అయిదేళ్ళకు మించి పంచకూడదని 2023లో హద్దు పెట్టాయి. అమ్మకం అలా కాదు. సొంత అకాడమీలో పెరిగిన కుర్రాణ్ణి అమ్మితే వచ్చిందంతా ఆ ఏడాదే లాభం కింద రాసుకోవచ్చు. జారెల్ క్వాన్సాను లెవర్‌కూసెన్‌కు ఎందుకు పంపారని నువ్వు బాధపడ్డావు కదా, జవాబులో కొంత భాగం ఈ లెక్కలో ఉంది.

ఇవన్నీ ఒకెత్తు. నువ్వు చదివి తీరాల్సిన వార్త మరొకటి ఉంది, అది జీతాల వార్త. దీని గురించి నాకు చాలా బాధ ఉంది, కొంచెం ఓపికగా చదువు.

2019లో పుణె జట్టు మూతపడితే ఆ చోటు మన ఊరికి దక్కింది, హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. ఒక గోల్ వెనకబడి ఉన్నాం. 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేశాడు. పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. మన ఊరు దేశంలో మొదటి స్థాయి లీగ్ అయిన ఐఎస్ఎల్ గెలిచింది. మరుసటి ఏడాది లీగ్ పట్టికలో రెండో స్థానం. ఆ తర్వాత వచ్చిన వేసవిలో కోచ్ మనోలో మార్కెస్ గోవాకు వెళ్ళిపోయాడు. ఊళ్ళో అభిమానులంతా కొత్త స్ట్రైకర్ ఎవరొస్తారని వాదించుకుంటున్నారు. జీతాలు అందడం లేదన్న కబుర్లు ఏ మూలో ఒక చిన్న వార్తగా వచ్చేవి, ఎవరూ పట్టించుకోలేదు. ఆ బాకీల వల్ల 2023-24లో ఫిఫా కొత్త ఆటగాళ్ళ నమోదుపై నిషేధం పెట్టింది. జనవరిలో ఉన్నవాళ్ళూ వరసగా వెళ్ళిపోయారు. 22 మ్యాచుల్లో ఒకే ఒక్క గెలుపు, 8 పాయింట్లు, అట్టడుగు స్థానం. 2024లో యజమానులు మారారు. 2025లో జట్టే ఢిల్లీకి వెళ్ళిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. కప్పు గెలిచి నాలుగేళ్ళు నిండకుండానే గచ్చిబౌలిలో మనకు జట్టు లేకుండా పోయింది.

కనక ఏ క్లబ్ అయినా సరే, జీతాలు, బాకీలు, యజమాని, స్టేడియం ఒప్పందం, ఈ నాలుగింటి గురించి ఎక్కడ వార్త కనిపించినా ముందు అదే చదువు. నలుగురికీ చెప్పు. క్లబ్‌ను బహిరంగంగా అడగండి. అభిమానులు గట్టిగా అడగాల్సిన సమయం ఈ నెలలే, ఎందుకంటే ఆటలు మొదలైతే అందరి దృష్టీ స్కోరు మీదికి పోతుంది.

వెళ్ళిపోయే ఆటగాణ్ణి ద్రోహి అనే అలవాటు మాత్రం మానుకో. ఆ మాట అంటే ముందు మన ఊరి గొప్పవాళ్ళందరినీ అనాల్సి వస్తుంది. అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1957లో కోల్‌కతా క్లబ్ ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళాడు. 1966లో మహమ్మద్ హబీబ్ అదే క్లబ్‌లో చేరాడు. ఆ తర్వాత మోహన్ బగాన్ తరఫున కూడా ఆడాడు. ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన కాస్మోస్ జట్టు మీద 1977లో గోల్ కొట్టింది ఈ హబీబే. కోల్‌కతా వాళ్ళు అతన్ని బడే మియా అని నెత్తిన పెట్టుకున్నారు. బలరాం బెంగాల్లోనే స్థిరపడ్డాడు, హబీబ్ తిరిగొచ్చాడు. 2023లో ఇద్దరూ కన్నుమూస్తే మన ఊరు ఇద్దరినీ తనవాళ్ళనే అనుకుంది. ఆటగాడి కాళ్ళలో శక్తి ఉండేది పది పదిహేనేళ్ళు. ఎక్కడ బతుకు బాగుంటుందో చూసుకునే హక్కు అతనికుంది.

2025 జూలై 3న లివర్‌పూల్ ఆటగాడు డియోగో జోటా స్పెయిన్‌లో కారు ప్రమాదంలో తమ్ముడితో సహా పోయాడు. పెళ్ళయి రెండు వారాలు కూడా కాలేదు, ముగ్గురు పిల్లలు. లివర్‌పూల్ 20వ నంబర్ చొక్కా ఇంకెవరికీ ఇవ్వమంది. ఎవరికి ఎంత ధర అని మనమంతా లెక్కలు కడుతున్న నెలలోనే అది జరిగింది. నువ్వు ఆ రోజు ఫోన్ చేసి ఏడ్చావు. ఎవరి గురించైనా 'చెత్త, అమ్మేయండి' అని రాయబోయే ముందు ఆ రోజు నీకెలా ఉందో తలుచుకో.

ఇక స్నేహితుడి సంగతి. రేపే వాళ్ళింటికి వెళ్ళు. తప్పు ఎవరిదని తేల్చడానికి కూర్చోవద్దు, ఇద్దరూ కలిసి ఒక నోటు పుస్తకం పెట్టండి. జట్టులో ప్రతి ఆటగాడి పేరు, వయసు, కాంట్రాక్ట్ ముగిసే తేదీ రాయండి. ఎవరైనా కొత్త పేరు తెస్తే ఎక్కడ చదివారో చెప్పాలి, చెప్పకపోతే దాని మీద వాదన లేదు. రాత్రి వచ్చిన వార్త పొద్దున టీ దగ్గర మాట్లాడుకోండి. మేలుకోవాలంటే విండో, అంటే ఆటగాళ్ళను కొనే గడువు, మూసే ఒక్క రాత్రి మేలుకో. 2025లో ఇంగ్లండ్ గడువు మన టైంలో రాత్రి పదకొండున్నరకే అయిపోయింది, కనక తెల్లవార్లూ కూర్చోనక్కర్లేదు.

ఇంకో మాట. అజీజ్‌నగర్ వైపు శ్రీనిధి డెక్కన్ అనే క్లబ్ ఉంది. 2022-23లోనూ 2023-24లోనూ ఐఎస్ఎల్ తర్వాతి స్థాయి ఐ-లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది. దాని కబుర్లూ పుస్తకంలో రాయండి. ఇక్కడ వాళ్ళ మ్యాచ్ ఎప్పుడుందో తేదీ తెలియగానే నాకు ఫోన్ చెయ్యి. ముగ్గురం నా కారులోనే వెళ్దాం. టికెట్లు నేనే కొంటాను.

మీ అమ్మను అడిగానని చెప్పు.

మీ మామ