పోలీసుల మాటతీరు మారాలనుకునే అమ్మాయికి ఏ దారి మంచిది?

ప్రశ్న: మా అమ్మాయి సైకాలజీ సబ్జెక్టుతో డిగ్రీ పూర్తి చేసింది. స్టేషన్‌కు వెళ్లినవాళ్లతో పోలీసులు మాట్లాడే తీరు మారాలని, తాను ఆ పనిలోనే ఉండాలని అంటోంది. ఎస్సై కోచింగ్‌లో చేర్పించమంటారా?
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: కోచింగ్ ఫీజు కట్టే ముందు, తనకు కావలసింది యూనిఫారమా లేక స్టేషన్‌కు వచ్చిన మనిషి గోడు వినే పనా అని మీ అమ్మాయినే అడగండి. రెండూ ఒకటేనని చాలామంది పిల్లలు పొరబడుతుంటారు.

చట్టం ఎప్పుడో మారింది. వారెంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయగల (కాగ్నిజబుల్) నేరం జరిగినట్టు సమాచారం అందితే ఎఫ్ఐఆర్ నమోదు చేయాల్సిందేనని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) జీరో ఎఫ్ఐఆర్‌కూ, అంటే నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఎఫ్ఐఆర్ నమోదు చేయడానికీ చోటిచ్చింది. అయినా "పిటిషన్ ఇచ్చి వెళ్లండి, పిలుస్తాం" అనే మాట ఇంకా వినబడుతూనే ఉంది. కేసుల సంఖ్య పెరిగితే పైఅధికారి నిలదీస్తాడన్న భయం అందుకు ఒక కారణం. పైఅధికారులు వైర్‌లెస్ సెట్‌లో స్టేషన్లతో జరిపే సెట్ కాన్ఫరెన్స్‌లో మాట పైనుంచి కిందికే వస్తుంది తప్ప, రిసెప్షన్‌లో కూర్చున్న కానిస్టేబుల్ రోజూ చూసేది పైకి వెళ్లడం అరుదు. "మా ఆయన తాగొచ్చి కొడుతుండు సారూ" అని ఒకామె ఏడుస్తూ చెబితే, స్టేషన్ రైటర్ చేతిలో అది "సదరు ఫిర్యాదిని ఆమె భర్త వేధించుచున్నట్లు" అని మారి, ఆమె ఏడుపు కాగితం బయటే ఉండిపోతుంది.

ఈ తీరును మార్చే ప్రయత్నాలు మన దగ్గర జరగలేదని కాదు. 2014 అక్టోబరులో హైదరాబాద్‌లో షీ టీమ్స్, 2016లో భరోసా కేంద్రం మొదలయ్యాయి. బాధితురాలు పోలీసుకు, డాక్టరుకు, వకీలుకు వేర్వేరు చోట్ల అదే కథ మళ్లీ మళ్లీ చెప్పుకోనక్కర్లేకుండా, ఆ సాయమంతా ఒకే కప్పు కింద అందించడం భరోసా ఉద్దేశం. మీ అమ్మాయి చదువు సరిగ్గా పనికొచ్చే చోటు ఇదేనని నా అభిప్రాయం.

ఆ దారికి రెండేళ్ల ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) బాగా ఉపయోగపడుతుంది. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ 1984లోనే పోలీసు ఆవరణలో మహిళలు, పిల్లల కోసం స్పెషల్ సెల్ ప్రారంభించి, అందులో శిక్షణ పొందిన సోషల్ వర్కర్లను కూర్చోబెట్టింది. అయితే ఇలాంటి కొలువులు చాలావరకు కాంట్రాక్టువేనని, జీతం ఎస్సైకి వచ్చేదానికన్నా తక్కువేనని ముందే తెలుసుకోండి.

ఎస్సై అయితే ఉద్యోగ భద్రత, అధికారం రెండూ ఉంటాయి. కానీ తొలి ఏళ్లు బందోబస్తుల్లో, దర్యాప్తుల్లో గడిచిపోతాయి, స్టేషన్ అలవాట్లను ఒక్క ఎస్సై మార్చగలిగేది కొంతే. ఎంఎస్‌డబ్ల్యూ చేసినా ఎస్సై పరీక్ష రాయవచ్చు గనుక, గత నోటిఫికేషన్‌లోని వయోపరిమితి చూసి, రెండేళ్ల చదువు తర్వాత కూడా ఆమెకు అవకాశం మిగులుతుందో లేదో ఈ వారమే లెక్క వేసుకోండి.