మందుల సమీక్ష మీద సర్వే చేయబోతున్న మనవరాలికి

తిరుపతి

చిట్టితల్లీ,

రోగులు వాడే మందులను సమీక్షించడం పట్ల ఫార్మ్‌డీ, అంటే ఆరేళ్ల ఫార్మసీ కోర్సు, విద్యార్థుల వైఖరి ఎలా ఉందో కొలవబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఎంత పొంగిపోయానో అంత కంగారూ పడ్డాను. మన దేశంలో 2008లో ఫార్మ్‌డీ వచ్చినప్పుడు, ఇక ఫార్మసిస్టు కౌంటరు దాటి రోగి మంచం దాకా వెళ్తాడని సంబరపడినవాళ్లలో నేనూ ఉన్నాను. నిజంగా వెళ్తున్నాడా అని ఇప్పుడు అడగబోతున్నది మన ఇంటి పిల్ల.

ఎథిక్స్ కమిటీ అనుమతి రానిదే ఒక్క కాగితమూ పంచకు. ముందు కొద్దిమంది చేత ప్రశ్నావళి చదివించి, ఒక్కో ప్రశ్న వాళ్లకు ఎలా అర్థమైందో చెప్పించుకో. క్రోన్‌బాక్ ఆల్ఫా అనే లెక్క 0.7 దాటగానే సంతోషపడిపోకు. ప్రశ్నలు ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయనే అది చెబుతుంది, జవాబులు నిజమని కాదు.

ఇక్కడి నుంచి నిదానంగా చదువు. చాలా ఏళ్ల కిందట ఒక కాలేజీలో ఇలాంటి సర్వే దగ్గరుండి చూశాను. ఇంటర్నల్ మార్కులు వేసే అధ్యాపకురాలే కాగితాలు పంచారు. పైన హాల్ టికెట్ నంబరుకు ఒక గడి. 'మందుల సమీక్ష రోగికి మేలు చేస్తుంది' అన్నది మొదటి వాక్యం. ఎవరు కాదంటారు? 1932లో లికర్ట్ అనే మనస్తత్వవేత్త చూపిన పద్ధతిలో, ఎంతవరకు ఒప్పుకుంటారో చెప్పడానికి అయిదు గడులు ఇచ్చారు, టిక్కులన్నీ 'పూర్తిగా అంగీకరిస్తాను' దగ్గరే పడ్డాయి. సగటు చూసి అందరూ మురిసిపోయారు. ఆ పిల్లలే మర్నాడు వార్డులో కేస్‌షీటు పట్టుకుని గోడ వారగా నిలబడ్డారు. ఒక రోగికి బీపీ మందు ఎనలాప్రిల్, మూత్రం ఎక్కువగా పోయించే ఫ్రూసమైడ్ నడుస్తున్నాయి, మోకాళ్ల నొప్పులకు బయట మరెవరో డైక్లోఫెనాక్ రాశారు. మూడూ కలిస్తే మూత్రపిండాలకు ముప్పని ఒకమ్మాయి పసిగట్టింది. నా చెవిలో చెప్పింది గానీ డాక్టరుకు చెప్పలేదు. 'సార్ కోప్పడతారేమో మేడమ్' అంది. ముందురోజు కాగితంలో ఆ భయానికి చోటే లేదు.

నువ్వు ఆ చోటు ఇవ్వాలి. డాక్టరు రాసిన మోతాదు తప్పనిపిస్తే ఆయనకు చెప్పగలవా? రోగి సంచీలోని మాత్రలన్నీ ఎప్పుడైనా బయటికి తీసి చూశావా? ఇవి అడుగు. 'సమీక్ష డాక్టరు పని, నాది కాదు' లాంటి వాక్యాలూ కలుపు, లెక్కించేటప్పుడు వాటి మార్కులు తిప్పి వేయడం, అంటే ఒప్పుకుంటే తక్కువ, కాదంటే ఎక్కువ వేయడం, మరిచిపోకు. వార్డు మెట్లెక్కని మొదటి ఏడాది పిల్లలనూ ఆరో ఏడాది ఇంటర్న్‌లనూ ఒకే సగటులో కలపకు. పేరు అడగకపోతే సరిపోదమ్మా. ముప్పైమంది ఉన్న తరగతిలో వయసు, ఊరు, ఆడా మగా అన్నీ రాయమంటే పేరు రాయమన్నట్టే. కాగితాలు పాఠం చెప్పేవాళ్ల చేతికి వెళ్లనివ్వకు, తలుపు దగ్గర ఒక పెట్టె పెట్టు.

ఎందుకింత చాదస్తం అంటావేమో. మీ అమ్మమ్మ సంగతి నీకు సగమే తెలుసు. పుత్తూరులో ఒక డాక్టరు, తిరుపతిలో ఇంకొకరు షుగరుకు రాసిన మాత్రలు రెండూ ఒకే మందు, గ్లైబెన్‌క్లమైడే. కంపెనీ పేర్లు వేరు కాబట్టి అక్క రెండూ శ్రద్ధగా వేసుకుంది. తెల్లవారుజామున షుగరు మరీ పడిపోయి స్పృహ తప్పింది. దక్కింది కానీ, ఆ తర్వాత ఒంటరిగా పడుకోవాలంటే భయపడేది. ఆ రెండు చీటీలూ ఎన్నో చేతులు దాటి వచ్చాయి, పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు ఒక్కరూ లేరు. అందుకే నీ విద్యార్థులు ఏది మంచిదనుకుంటున్నారన్న దానికంటే, ఏం చేయడానికి జంకుతున్నారన్నదే నాకు ముఖ్యం.

రాత్రి రెండింటి దాకా కంప్యూటర్ ముందే ఉంటున్నావట. కళ్లు పాడు చేసుకోకు, వేళకు తిను. ఆదివారం చిత్తూరులో పొద్దున్నే బస్సెక్కు. ప్రశ్నావళి పెద్ద అక్షరాల్లో అచ్చు తీయించుకుని రా, ఫోనులో నేను చదవలేను. ఒక్కో ప్రశ్నా ఇద్దరం కూర్చుని చూద్దాం.

నీ
చిన్నమ్మమ్మ