పసిఫిక్ మహాసముద్రంలోని చిన్న ద్వీప దేశం సమోవాలో ఎన్నికల్లో నిలబడాలంటే ‘మతాయ్’ అయి ఉండాలట, నిజమేనా? అసలు ఎవరీ మతాయ్?

నిజమే. మతాయ్ అంటే ‘అయిగా’కు, అంటే మన లెక్కలో పెద్ద ఉమ్మడి కుటుంబానికి, పెద్ద. మనం పెద్ద కొడుకే వారసుడు అనుకుంటాం కదా, అక్కడ అలా కాదు. బంధువులంతా కూర్చుని మాట్లాడుకుని బిరుదు ఎవరికివ్వాలో తేలుస్తారు. ఆడవాళ్ళకూ ఇవ్వొచ్చు. 2021లో తొలి మహిళా ప్రధాని అయిన ఫియామె నవోమి మతాఫా పేరులోని ‘ఫియామె’ అలాంటి బిరుదే.

ఊళ్ళో అసలు పెత్తనం మతాయ్‌లు కూర్చునే ‘ఫోనో’ సభది. తప్పు చేస్తే జరిమానా, అది పందుల రూపంలో కూడా ఉండొచ్చు. మరీ పెద్ద తప్పయితే ఊరి నుంచి వెలి. సాయంత్రం శంఖమో గంటో మోగగానే ఇంటింటా ప్రార్థన మొదలవుతుంది, దారిన పోయేవాళ్ళు కూడా ఆగాల్సిందే.

1962లో న్యూజిలాండ్ నుంచి స్వాతంత్ర్యం వచ్చాక ఈ పద్ధతినే పార్లమెంటుకూ తీసుకెళ్ళారు. మొదట్లో ఓటు కూడా దాదాపు మతాయ్‌లకే. 1990 రెఫరెండంతో 21 ఏళ్ళు నిండిన అందరికీ ఓటు వచ్చింది గానీ, పోటీ చేసే హక్కు మాత్రం మతాయ్‌లకే మిగిలింది. జనాభా సుమారు 2 లక్షలే కాబట్టి అభ్యర్థి చాలామందికి ముఖపరిచయమే అయ్యుంటాడు. నాకైతే ఇది సగం ప్రజాస్వామ్యం, సగం పెద్దరికంలా అనిపిస్తుంది.

ఇక అక్కడి చదువు సంగతికొస్తే, దానికి పునాది వేసింది 1830లో వచ్చిన క్రైస్తవ మిషనరీలు. బడిలో సమోవన్, ఇంగ్లీషు రెండూ ఉంటాయి. జాతీయ విశ్వవిద్యాలయం 1984లో మొదలైంది.

అన్నట్టు, పక్కనే ఉన్న అమెరికన్ సమోవా వేరు, అది అమెరికా అధీనంలోని ప్రాంతం.