కాటి సీనుకు వన్స్ మోర్

కళ అంటే జీవితాన్ని మనసారా ఒప్పుకోవడమే అన్న జర్మన్ తత్వవేత్త నీషే, అన్నీ చావులూ ఏడుపులే ఉండే గ్రీకు విషాద నాటకాన్ని ఎందుకంత నెత్తిన పెట్టుకున్నాడని ఒకరు అడిగారు. నాకది మా ఊరి తిరునాళ్లలో అర్థమైంది.

నాన్న పోయి ఐదు నెలలు. అమ్మ గడప దాటడం లేదు. ఆ రాత్రి హరిశ్చంద్ర నాటకం ఉందని పిన్ని బలవంతంగా తీసుకెళ్లింది. కాటి సీను చూస్తే అమ్మ ఏమైపోతుందోనని నాకు ఒకటే టెన్షన్. నటుడు జాషువా పద్యం అందుకుని, రాగం తీసి ముగించగానే జనం "వన్స్ మోర్" అని అరిచారు. చెంగుతో కళ్లు తుడుచుకుంటూ అమ్మా అడిగింది. అతను మళ్లీ పాడాడు.

విషాద నాటకం చూస్తే బతుకు మీద ఆశ వదులుకోవడం వస్తుందని నీషే కన్నా ముందుతరం జర్మన్ తత్వవేత్త షోపెన్‌హావర్ అన్నాడు. నీషే మొదట ఆయన ప్రభావంలోనే ఉన్నా, 1872లో వచ్చిన తొలి పుస్తకంలోనే దారి మార్చాడు. గ్రీకుల పురాణంలో సైలీనస్ అనేవాడు, మనిషికి అన్నిటికన్నా మేలు అసలు పుట్టకపోవడమే అంటాడు. ఆ చేదు తెలిసి కూడా గ్రీకులు బతకగలిగింది కళ వల్లేనని నీషే వాదన. జాలినీ భయాన్నీ కడిగేసుకోవడానికే నాటకం అన్న అరిస్టాటిల్ మాటను కూడా 1888లో కాదన్నాడు. నాకు ఇదే నిజమనిపిస్తుంది. ఏడ్చి బరువు దించుకోవడానికే వచ్చినవాళ్లయితే, అదే పద్యం మళ్లీ పాడమని ఎందుకు అడుగుతారు?

1886 నాటి పుస్తకంలో నీషే ఇంచుమించు ఈ మాటే రాశాడు. జీవితాన్ని పూర్తిగా ఒప్పుకున్న మనిషి, జరిగిన నాటకమంతటికీ "దా కాపో" అని అరుస్తాడట. సంగీతంలో దానికి 'మళ్లీ మొదటి నుంచి' అని అర్థం. సుఖంగా ఉన్నవాడు చెప్పిన మాట కాదిది. తలనొప్పులతో, కంటి జబ్బుతో 1879లోనే, ముప్పై అయిదేళ్లు నిండకుండా, స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో ప్రొఫెసర్ ఉద్యోగం వదులుకున్న మనిషి ఆయన.

తెల్లవారుజామున ఇంటికి నడుస్తుంటే అమ్మ, "గొంతు బాగానే ఉంది గానీ, మీ నాన్నంత బాగా పాడలేదురా" అంది. నాన్న మడి గట్టు మీద కూర్చుని ఆ పద్యాలు పాడేవాడట. నాకు తెలియనే తెలియదు. ఆయన పోయాక ఆయన గురించి అమ్మ తనంతట తాను మాట్లాడటం అదే మొదటిసారి. ఇల్లు చేరేదాకా చెబుతూనే ఉంది.